ఒడ్డున వాలిన సీగల్ ఏదో గుర్తుపట్టడం ఎలా?

చలికాలంలో మన తూర్పు తీరంలో ఏ ఏటి మొగ దగ్గర నిలబడినా ఇసుక దిబ్బ మీద తెలుపూ బూడిద రంగూ కలిసిన పక్షుల గుంపు కనిపిస్తుంది. మనమంతా వాటిని సీగల్స్ అనేసి, రెండు ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. ఆ ఒక్క గుంపులోనే రెండు మూడు జాతులు కలిసి ఉండొచ్చు. వాటిలో ఒకదాన్ని, బ్రౌన్ హెడెడ్ గల్‌ని, అనుమానం లేకుండా ఎలా గుర్తుపట్టాలో, గుర్తుపట్టాక దాని అలవాట్లు ఎలా గమనించాలో చెబుతాను. ఈ ఒక్క పక్షి బాగా అలవాటైతే మిగతా గల్స్‌ని దీనితో పోల్చి చూసుకోవచ్చు. అందుకే దీనితోనే మొదలుపెట్టమంటాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. పేరులో తల ఉంది కదా అని తల చూడకండి, రెక్క చూడండి. ఎందుకంటే ఈ పక్షి మన దగ్గర ఉండే నెలల్లో, అంటే సుమారుగా అక్టోబర్ నుంచి మార్చి దాకా, ఎక్కువ కాలం దాని తల తెల్లగానే ఉంటుంది. చెవి దగ్గర ఒక నల్లటి మచ్చ, అంతే. దీని దగ్గరి చుట్టమైన బ్లాక్ హెడెడ్ గల్‌కి కూడా చలికాలంలో అచ్చం అదే తెల్లటి తల, అదే మచ్చ. పైగా ఆ బ్లాక్ హెడెడ్ గల్‌కి వేసవిలో వచ్చే ముసుగు నిజంగా నలుపు కూడా కాదు, ముదురు చాక్లెట్ రంగు. ఇన్ని తికమకల మధ్య తలని నమ్ముకుంటే పప్పులో కాలేసినట్టే. నేను మొదటి రెండు చలికాలాలూ తలలు చూసే పేర్లు రాసుకున్నాను. తర్వాత ఆ పేజీలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ పక్షికి శాస్త్రీయంగా పేరు పెట్టి 1840లో వివరించింది థామస్ జెర్డన్ అనే పక్షి శాస్త్రవేత్త. కడప అడవుల్లో 1986లో మళ్లీ కనబడిన కలివి కోడిని ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అంటారు కదా, ఆ జెర్డనే. మనం ఒడ్డున మామూలుగా చూసేసి వదిలేసే పక్షికీ, ప్రపంచంలోనే అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటైన కలివి కోడికీ ఈ చిన్న సంబంధం ఉంది.

వెళ్లే ముందు: వెలుగు, పోటు, గాలి

పక్షుల్ని చూడ్డానికి పొద్దున్నే వెళ్లాలని అందరూ చెబుతారు. తూర్పు తీరంలో గల్స్ విషయంలో మాత్రం ఆ సలహా సగమే పనికొస్తుంది. ఉదయం సూర్యుడు సముద్రం మీద నుంచి వస్తాడు. మీరు నీళ్ల వైపు చూస్తే పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపిస్తాయి, రంగులు తెలియవు. మధ్యాహ్నం మూడు దాటాక వెళ్తే వెలుగు మీ వీపు వెనక నుంచి పడుతుంది. ముక్కు ఎరుపు, కంటి రంగు, రెక్క మీద మచ్చలు స్పష్టంగా తెలుస్తాయి. ఉదయమే వెళ్లక తప్పదంటే, నీటికీ సూర్యుడికీ అడ్డంగా, ఒడ్డు పొడుగునా చూసేలా నిలబడండి.

రెండోది పోటు. నీళ్లు పైకి ఉన్నప్పుడు బురద మేటలు మునిగిపోయి పక్షులన్నీ మిగిలిన ఇసుక దిబ్బ మీద ఒక్కచోట చేరతాయి. గుర్తుపట్టడానికి అది మంచి సమయం, ఎందుకంటే పక్కపక్కనే నిలబడ్డ పక్షుల్ని పోల్చుకోవచ్చు. ఆటు మొదలై బురద బయటపడ్డాక అవి తిండి కోసం చెదిరిపోతాయి. అలవాట్లు చూడ్డానికి అది మంచి సమయం. కాబట్టి పోటు నిండుగా ఉన్నప్పుడు చేరుకుని, నీళ్లు వెనక్కి తగ్గేదాకా ఉండేలా ప్లాన్ చేసుకోండి. అక్కడ చేపలు పట్టేవాళ్లని అడిగితే ఆ రోజు పోటు ఎప్పుడో చెప్పేస్తారు.

మూడోది గాలి. గల్స్ ఎప్పుడూ గాలికి ఎదురుగా ముఖం పెట్టి నిలబడతాయి, ఎగిరేటప్పుడు కూడా గాలికి ఎదురుగానే లేస్తాయి. గాలి మీ వీపు మీద వీస్తుంటే పక్షుల ముఖాలన్నీ మీ వైపే ఉంటాయి. గాలి పక్క నుంచి వీస్తుంటే అవి పక్కకు తిరిగి నిలబడి ఉంటాయి, లేచినప్పుడు మీ ముందు నుంచి అడ్డంగా వెళ్తాయి. రెక్కలు చూడ్డానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

8 రెట్లు పెద్దదిగా చూపించే బైనాక్యులర్ చాలు. 8x42 అని రాసి ఉన్నది చేతిలో వణకకుండా నిలుస్తుంది. కెమెరా ఉంటే ఎగిరే పక్షిని సెకనులో 1000వ వంతు లేదా అంతకంటే వేగంగా, వరసగా పది పదిహేను ఫొటోలు తీయండి. తెల్లటి పక్షి కాబట్టి ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. లేకపోతే మనకి కావాల్సిన తెల్లటి మచ్చలు ఆ వెలుగులో కలిసిపోతాయి.

మొదటి అడుగు: అది గల్లేనా?

సముద్రం మీద తెల్లగా ఎగిరేవన్నీ గల్స్ కావు. ఎక్కువగా పొరపడేది టర్న్‌లతో. టర్న్ సన్నగా ఉంటుంది, దాని ముక్కు సూదిలా ఉంటుంది, చాలా జాతుల టర్న్‌లకి తోక చీలి ఉంటుంది. తల కిందికి వంచి నీళ్ల మీదే వెతుక్కుంటూ ఎగిరి, గాల్లో ఒక్కచోట రెక్కలు కొట్టుకుంటూ నిలబడి, ఉన్నట్టుండి నీళ్లలోకి దూకుతుంది. గల్ అలా దూకడం తక్కువ. అది నీటి మీదికి దిగి పైపైన ఏరుకుంటుంది. బాతులా నీళ్ల మీద హాయిగా తేలుతూ కూర్చుంటుంది. టర్న్ అలా కూర్చోవడం అరుదు. గల్ శరీరం బొద్దుగా, రెక్క వెడల్పుగా, తోక విప్పినప్పుడు చీలిక లేకుండా గుండ్రంగా ఉంటుంది. ఈ తేడా పట్టడానికి ఒక పూట చాలు.

రెండో అడుగు: సైజు

బ్రౌన్ హెడెడ్ గల్ పొడవు 41 నుంచి 45 సెంటీమీటర్లు. మన ఊరకాకి కూడా దాదాపు అంతే ఉంటుంది. ఒడ్డున కాకులకు కొదవ ఉండదు కాబట్టి పక్కన కాకి ఉందేమో చూసుకోండి, కొలత దొరికినట్టే. బ్లాక్ హెడెడ్ గల్ దీని కంటే ఒక పిసరు చిన్నది, సన్నది. కానీ ఆ తేడా పక్కపక్కన నిలబడితేనే తెలుస్తుంది. ఒంటరి పక్షి విషయంలో సైజుని నమ్మకండి.

గుంపులో ఏదైనా పక్షి మిగతా వాటి కంటే చాలా పెద్దగా కనిపిస్తే అది వేరే సంగతి, దాని గురించి కింద చెబుతాను.

మూడో అడుగు: రెక్క కొస

అసలు పని ఇక్కడే. దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

పెద్ద వయసు బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క విప్పినప్పుడు పై నుంచి చూస్తే ఒంటి వైపు నుంచి కొస దాకా ఒక వరస కనిపిస్తుంది. ముందు లేత బూడిద రంగు. దాని తర్వాత తెల్లటి పట్టీ. ఆ తర్వాత కొస మొత్తం సిరాలో ముంచి తీసినట్టు నలుపు. ఆ నలుపు మధ్యలో, కొసకి దగ్గరగా, బయటి రెండు ఈకల మీద తెల్లటి మచ్చలు. పక్షుల్ని చూసేవాళ్లు వీటిని మిర్రర్స్ అంటారు, అంటే అద్దాలు. పేరుకు తగ్గట్టే, పక్షి మలుపు తిరిగినప్పుడు ఆ నల్లటి కొసలో అవి తళుక్కుమంటాయి. బూడిద, తెలుపు, నలుపు, నలుపులో అద్దం. ఈ వరసని నోటికి వచ్చేలా అనుకోండి.

బ్లాక్ హెడెడ్ గల్ రెక్క దీనికి పూర్తిగా వేరు. దాని రెక్క ముందు అంచు పొడుగునా కొస వరకూ తెల్లటి ముక్కోణం ఒకటి ఉంటుంది. నలుపు ఆ కొస వెనక అంచున సన్నటి గీతలా మాత్రమే ఉంటుంది. నలుపులో అద్దాలు ఉండవు. దూరం నుంచి చూస్తే బ్రౌన్ హెడెడ్ రెక్క నల్లగా ముగుస్తుంది, బ్లాక్ హెడెడ్ రెక్క తెల్లగా ముగుస్తుంది. తెల్ల అంచు ఉన్నది బ్లాక్ హెడెడ్, నల్ల కొస ఉన్నది బ్రౌన్ హెడెడ్. పేర్లు తారుమారుగా అనిపిస్తాయి, కాబట్టి మొదట్లో ఇది కాగితం మీద బొమ్మ వేసుకుని జేబులో పెట్టుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు, నాలుగు గీతలు చాలు.

కింది వైపు నుంచి కూడా ఇదే తేడా పనిచేస్తుంది. తల మీదుగా వెళ్తున్న బ్రౌన్ హెడెడ్ గల్ రెక్క కొస కింద కూడా నల్లగా ఉండి, అందులో తెల్ల మచ్చ కనిపిస్తుంది. బ్లాక్ హెడెడ్ రెక్క కింద ముదురు బూడిద రంగు, ముందు అంచున మాత్రం తెలుపు. ఆకారంలో కూడా బ్రౌన్ హెడెడ్ రెక్క కాస్త వెడల్పు, కొస కాస్త మొద్దు. కాని ఇది కన్ను అలవాటు పడ్డాకే తెలుస్తుంది.

సాధన ఎలా చేయాలంటే, గుంపులో ఏదో ఒక పక్షిని ఎంచుకుని అది ఎగిరేదాకా ఆగండి. తొందరపడి తరమకండి. అవి ఊరికే ఎక్కువసేపు ఉండవు, ఏ గద్ద నీడ పడ్డా, ఏ బోటు వచ్చినా అన్నీ లేస్తాయి. లేచిన పది సెకన్లూ తలల వైపు కన్నెత్తకుండా రెక్క కొసలే చూడండి. నల్లవి ఎన్ని, తెల్లవి ఎన్ని అని మనసులో లెక్కపెట్టండి. మూడు సార్లు అలా చేశాక మీ కంటికి రెండు రకాల పక్షులు విడివిడిగా కనిపించడం మొదలవుతుంది. నాకు అది జరిగిన సాయంత్రం ఇంకా గుర్తుంది. అప్పటిదాకా ఒకే గుంపు అనుకున్నది నా కళ్ల ముందే రెండుగా విడిపోయింది.

నాలుగో అడుగు: కూర్చున్న పక్షి అయితే కన్ను

రెక్కలు ముడుచుకుని కూర్చుంటే రెండిటికీ వెనక నల్లగానే కనిపిస్తుంది. అప్పుడు కన్ను చూడాలి. పెద్ద బ్రౌన్ హెడెడ్ గల్ కంటిపాప చుట్టూ లేత పసుపు కలిసిన తెలుపు. దాంతో చూపు కాస్త కోపంగా, గుచ్చి చూస్తున్నట్టు ఉంటుంది. బ్లాక్ హెడెడ్ గల్ కన్ను మొత్తం నల్లగా ఉంటుంది, ముఖం అమాయకంగా కనిపిస్తుంది. బైనాక్యులర్‌లో ముఖం నిండుగా కనిపించేంత దగ్గరగా ఉంటే ఇదొక్కటే సరిపోతుంది.

ముక్కు రెండిటికీ ఎరుపే, కొస ముదురు. బ్రౌన్ హెడెడ్ ముక్కు కాస్త లావు. కాళ్లు కూడా రెండిటికీ ఎరుపే, కాబట్టి కాళ్ల జోలికి వెళ్లకండి.

ఐదో అడుగు: పిల్లల్ని విడిగా చూడండి

ఇక్కడే చాలామంది తడబడతారు. పైన చెప్పినవన్నీ పెద్ద పక్షుల ఆనవాళ్లు. ఆ ఏడాది పుట్టిన పక్షి వేరుగా ఉంటుంది. తోక చివర నల్లటి పట్టీ ఉంటే, రెక్క మీద బ్రౌన్ రంగు అడ్డ చారలు ఉంటే అది మొదటి చలికాలపు పిల్ల. ముక్కు, కాళ్లు ఎర్రగా కాకుండా నారింజ రంగులో పాలిపోయి ఉంటాయి. బ్రౌన్ హెడెడ్ పిల్లకి కన్ను ఇంకా లేత రంగుకి మారి ఉండదు, నల్ల కొసలో అద్దాలు కూడా ఉండవు. అంటే మనం నమ్ముకున్న రెండు ఆనవాళ్లూ లేవు.

అయినా రెక్క సాయం చేస్తుంది. పిల్ల అయినా సరే, బ్రౌన్ హెడెడ్ రెక్క కొస మొత్తం నలుపే, తెల్ల పట్టీ దాని లోపలి వైపు ఉంటుంది. బ్లాక్ హెడెడ్ పిల్లకి రెక్క ముందు అంచున తెలుపు అప్పుడే ఉంటుంది. అద్దాలు లేవని కంగారు పడకుండా నలుపు ఎంత మేర ఉందో చూడండి. ఈ జాతులు రెండో చలికాలానికి దాదాపు పెద్దవాటిలాగే తయారవుతాయి, కాబట్టి పిల్లల తికమక ఒక్క ఏడాదే.

ఆరో అడుగు: మిగతా వాటిని పక్కన పెట్టండి

మూడు పక్షులు చూసుకోవాలి, అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పల్లాసెస్ గల్ చాలా పెద్దది, 57 నుంచి 72 సెంటీమీటర్లు. పసుపు ముక్కు మీద నల్ల పట్టీ ఉంటుంది. అది వచ్చి దిగితే మిగతా గల్స్ పక్కకి జరుగుతాయి. నిజంగా నల్లటి ముసుగు వేసుకునేది అదే, మార్చి దగ్గర పడేసరికి దాని తల బొగ్గులా మారిపోతుంది. లెస్సర్ బ్లాక్ బ్యాక్డ్ గల్ కూడా పెద్దదే, వీపు ముదురు బూడిద రంగు, పసుపు ముక్కు కింద ఎర్ర చుక్క. ఈ రెండిటినీ సైజుతోనే వేరు చేసేయొచ్చు.

మూడోది జాగ్రత్తగా చూడాల్సినది: స్లెండర్ బిల్డ్ గల్. దీని కన్ను కూడా లేత రంగే, కాబట్టి కన్ను చూసి బ్రౌన్ హెడెడ్ అనేసే ప్రమాదం ఉంది. కానీ దీని రెక్క బ్లాక్ హెడెడ్ రెక్కలాగే ముందు అంచున తెల్లగా ఉంటుంది. మెడ, ముక్కు పొడుగు, తలకి ఏ కాలంలోనూ ముసుగు రాదు. మన దేశంలో ఇది పశ్చిమ తీరంలో, ముఖ్యంగా గుజరాత్ వైపు ఎక్కువ. చివరికి ఇక్కడ కూడా తీర్పు చెప్పింది రెక్కే, చూశారు కదా.

ఇప్పుడు అలవాట్లు: ఒక్క పక్షి, ఒక్క గంట

పేరు రాసుకున్నాక చాలామంది వెనక్కి వచ్చేస్తారు. దయచేసి రాకండి. ఒక పక్షిని ఎంచుకోండి. చెవి మచ్చ ఆకారమో, ఊడిన ఈకో, ఏదో ఒక గుర్తు పట్టుకుని దాన్నే గంటసేపు చూడండి. ఐదేసి నిమిషాలకి ఒకసారి అది ఏం చేస్తోందో ఒక ముక్క రాయండి: నిలబడింది, ఈకలు దువ్వుకుంది, నడిచింది, ఏరుకుంది, ఎగిరింది. గంటకి పన్నెండు ముక్కలు వస్తాయి. నాలుగు రోజుల పాటు ఇలా రాస్తే ఆ పక్షి రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. ఎక్కువ సమయం అది నిలబడే ఉంటుందని తెలిసి నేను ఆశ్చర్యపోయాను.

తిండి దగ్గర బాగా గమనించండి. దీనికి ఇదే కావాలనే పట్టింపు లేదు. చేపలు, రొయ్యలు, పురుగులు, ఒడ్డుకి కొట్టుకొచ్చిన చచ్చిన జీవాలు, రేవు దగ్గర పారేసిన వ్యర్థాలు, అన్నీ తింటుంది. బోటు తిరిగి వస్తుంటే వెనకాలే గుంపుగా వస్తుంది. వల లాగుతున్నప్పుడు వెళ్లి చూడండి. వల ఇంకా నీళ్లలో ఉండగానే గల్స్ పైన చేరతాయి. సందుల్లోంచి జారిన నెత్తళ్లని నీటి మీద నుంచే ఏరుకుంటాయి. ఒకదానికి కాస్త పెద్ద చేప దొరికితే మిగతావి దాని వెంట పడతాయి. అప్పుడు ఏ పక్షి చేపని మింగగలిగింది, ఏది వదిలేసింది, వదిలేసిన దాన్ని ఎవరు అందుకున్నారు అని చూస్తే మీకు అరగంట తెలియకుండా గడిచిపోతుంది. టర్న్‌లు కష్టపడి పట్టిన చేపల్ని కూడా గల్స్ ఇలాగే లాక్కుంటాయి.

ఆటు వచ్చి బురద బయటపడ్డాక గుంపులోని బ్లాక్ హెడెడ్ గల్స్‌ని ఒకసారి చూడండి. పలచటి నీళ్లున్న చోట నిలబడి ఒక్క చోటే కాళ్లు మార్చి మార్చి గబగబా తొక్కుతాయి. ఆ కదలికకి అడుగున ఉన్న పురుగులు పైకి వస్తాయి. రెండడుగులు వెనక్కి వేసి, తొక్కిన చోటే చూసుకుని టక్కున ఏరుకుంటాయి.

ఇంకొకటి, దీని కోసం పక్షికి బాగా దగ్గరగా ఉండాలి. కూర్చున్న గల్ ముక్కు చివర ఒక్కోసారి నీటి చుక్క వేలాడుతూ ఉంటుంది. పక్షి తల విదిలిస్తుంది, చుక్క రాలుతుంది, కాసేపటికి ఇంకోటి చేరుతుంది. జలుబు చేసిందేమో అనుకుంటాం. అది ఉప్పు నీరు. గల్స్ సముద్రపు నీరు తాగగలవు. కళ్ల పైన ఉండే గ్రంథులు రక్తంలోని ఎక్కువ ఉప్పుని వడగట్టి ముక్కు రంధ్రాల్లోంచి బయటికి పంపిస్తాయి. ఈ గ్రంథుల పనిని 1950ల చివర్లో క్నుట్ ష్మిట్ నీల్సన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టారు. ఆయన ఒక గల్‌కి దాని బరువులో దాదాపు పదో వంతు సముద్రపు నీరు ఇచ్చి చూస్తే, మూడు గంటల్లోపే అందులోని ఉప్పు చాలా మటుకు బయటికి వచ్చేసింది. మనిషి అదే పని చేస్తే దాహంతోనే ప్రాణం మీదికి వస్తుంది. ఆ చుక్క ఒక్కసారి కళ్లారా చూడండి, ఆ తర్వాత సీగల్ మీకు మామూలు పక్షిలా కనిపించదు.

పొద్దుగూకే వేళ కాసేపు ఉండగలిగితే అవి పడుకోవడానికి వెళ్లే దారి కూడా రాసుకోండి. రేవుల్లో, చెరువుల్లో చెదిరిన చిన్న చిన్న గుంపులు వరసలుగా వచ్చి మనుషులు రాని ఇసుక దిబ్బ మీదో, నీళ్ల మీదో చేరతాయి. ఎటు నుంచి ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడానికి అదే సరైన సమయం. పులికాట్, కొల్లేరు, చిలికా లాంటి పెద్ద సరస్సుల దగ్గర ఉన్నవాళ్లకి ఈ దృశ్యం ఇంకా పెద్ద ఎత్తున దొరుకుతుంది.

చేయకూడనివి

గుంపులోకి పరిగెత్తి ఎగరగొట్టి ఫొటో తీయకండి. చలికాలం చివర్లో అవి వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు దాచుకుంటూ ఉంటాయి. మన సరదాకి లేచిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. పడవల్లోంచి కారప్పూసా, బ్రెడ్డూ విసరడం కూడా మానేయండి. అవి ఎగబడి తింటాయి, నిజమే, ఫొటోలు బాగా వస్తాయి. కానీ ఉప్పూ నూనే నిండిన ఆ తిండి వాటికి పనికొచ్చేది కాదు. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

చచ్చిన లేదా నీరసంగా పడి ఉన్న పక్షిని ఉత్త చేతులతో ముట్టుకోకండి. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సులో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చి వేల పక్షులు చనిపోయాయి. బార్ హెడెడ్ బాతులతో పాటు బ్రౌన్ హెడెడ్ గల్స్, పల్లాసెస్ గల్స్ కూడా వాటిలో ఉన్నాయి. ఒకే చోట చాలా పక్షులు చనిపోయి కనిపిస్తే అటవీ శాఖకో, పశు సంవర్ధక శాఖకో వెంటనే చెప్పండి.

ఏం రాసుకోవాలి, ఎక్కడ ఇవ్వాలి

తేదీ, సమయం, పోటో ఆటో, పెద్దవి ఎన్ని, పిల్లలు ఎన్ని, రెక్క ఎలా ఉందో ఒక వాక్యం. ఆ చివరిది మర్చిపోవద్దు. పేరు మాత్రమే రాస్తే రేపు అనుమానం వచ్చినప్పుడు తేల్చుకునే దారి ఉండదు. ఈబర్డ్ యాప్‌లో లిస్టు పెడితే మీ లెక్క అందరికీ పనికొస్తుంది. జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్‌లో ఎవరైనా పాల్గొనొచ్చు. 1987 నుంచి ప్రతి ఏటా నీటి పక్షుల్ని ఇలా లెక్కపెడుతున్నారు. ఏ పక్షి కాలికైనా రింగ్ కనిపిస్తే ఏ కాలికి ఉంది, ఏ రంగు, దాని మీద అంకెలేమిటి అని రాసుకుని, ఫొటోతో పాటు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

ఫిబ్రవరి చివరి నుంచి మాత్రం తలల వైపు కూడా చూడండి. ఇన్నాళ్లూ వద్దన్నాను, ఇప్పుడు చూడమంటున్నాను. తెల్లటి తల మీద మురికి అంటినట్టు అక్కడక్కడా మచ్చలు మొదలవుతాయి. వారం వారం అవి కలిసిపోయి, కొన్ని వారాల్లో ముఖమంతా లేత కాఫీ రంగు ముసుగు తయారవుతుంది. ముసుగు అంచు, మెడ దగ్గర, నల్లటి గీత గీసినట్టు ముదురుగా ఉంటుంది. బ్లాక్ హెడెడ్ ముసుగు దీని కంటే బాగా ముదురు. అన్ని పక్షులకీ ఒకేసారి రాదు. ఒకే దిబ్బ మీద తెల్ల తల, మచ్చల తల, పూర్తి ముసుగు తల పక్కపక్కన నిలబడి ఉంటాయి.

ముసుగు నిండిన పక్షులు హిమాలయాలు దాటి టిబెట్ పీఠభూమికి, మధ్య ఆసియా ఎత్తైన సరస్సులకి వెళ్తాయి. మన దేశంలోనే లద్దాఖ్‌లో సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న సో మోరీరీ, సో కార్ సరస్సుల దగ్గర కూడా గూళ్లు పెడతాయి. కొన్ని, ముఖ్యంగా ఇంకా ఈడుకు రానివి, వేసవంతా తీరంలోనే ఉండిపోవచ్చు. ఏప్రిల్‌లో వారానికి రెండు సార్లు ఆ దిబ్బకి వెళ్లి, ముసుగు ఉన్న పక్షి చివరిసారి కనిపించిన తేదీ రాయండి. మళ్లీ సెప్టెంబర్ మధ్య నుంచి చూడ్డం మొదలుపెట్టి, మొదటి నల్ల కొస రెక్క కనిపించిన తేదీ దాని పక్కనే రాసుకోండి.